ఫలక్‌నుమా హోటలైంది, వనపర్తి కోట కాలేజీ అయింది: ఎందుకని?

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే ఉమ్మడి పాలమూరు జిల్లాలో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. రాజస్థాన్‌లో ఊరికొక ఠాకూర్ కోట హెరిటేజ్ హోటలై, దేశం నలుమూలల నుంచి వచ్చే పెళ్లి బృందాలతో కళకళలాడుతుంటే, వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ రాజభవనాలకు ఆ యోగం ఎందుకు పట్టలేదు? నూటయాభై నుంచి రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదులో ఫలక్‌నుమాకు దక్కినది వీటికి ఎందుకు దక్కలేదు? ప్రభుత్వానికి పట్టింపు లేదని కొందరూ, వారసులకు శ్రద్ధ లేదని కొందరూ అంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉండవచ్చు గానీ, అసలు కారణాలు అంతకంటే పాతవి. ఏ రాజభవనం హోటల్ అవుతుంది, ఏది కాదు అన్న సంగతి, మన దగ్గర పర్యాటకం అనే మాట వాడుకలోకి రాకముందే, 1949 నుంచి ఓ పాతికేళ్ల లోపున చాలావరకు తేలిపోయింది. ఆ కాలంలో భవనం ఎవరి పేరున ఉంది, ఎవరి చేతిలో ఉంది, దాన్ని దేనికి వాడారు అన్న మూడు విషయాలే ఇవాళ్టి దాని స్థితిని నిర్ణయించాయి.

ముందుగా హెరిటేజ్ హోటల్ అంటే ఏమిటో చూడాలి, ఎందుకంటే ఈ మాటను ఇప్పుడు గోపురం ఆకారంలో గేటు కట్టిన ఫంక్షన్ హాలుకు కూడా తగిలిస్తున్నారు. కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణ ప్రకారం, 1950కి ముందు కట్టిన కోటలో, రాజభవనంలో, హవేలీలో, వేట బంగళాలో నడిచేదే హెరిటేజ్ హోటల్. హోటల్ విస్తీర్ణంలో కనీసం సగం ఆ పాత కట్టడానిదే అయి ఉండాలి. భవనం ముఖభాగం, దాని నిర్మాణ లక్షణాలు మారిపోకూడదు. ఈ కొలత పెట్టి చూస్తే మన ప్రాంతంలో అర్హత ఉన్న కట్టడాలకు కొదవలేదు. 1940లలో కట్టిన ఒక మామూలు దొరగారి గడీ, అంటే కోటలాంటి ఇల్లు, కూడా వయసు పరీక్షలో నెగ్గుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. వారసత్వ కట్టడం వేరు, చట్టం కింద రక్షిత కట్టడం వేరు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం కింద రక్షితమని ప్రకటించిన కట్టడం చుట్టూ వంద మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆ పైన మరో రెండు వందల మీటర్ల వరకు అనుమతితో మాత్రమే సాధ్యం. 2010 సవరణ దీన్ని మరింత బిగించింది. 1959 నాటి నిబంధనలు అటువంటి చోట విందులు, సభలు, వినోద కార్యక్రమాలు అనుమతి లేకుండా జరపరాదని స్పష్టంగా చెబుతాయి. కాబట్టి అలంపురం నవబ్రహ్మ ఆలయాల వంటి చోట రిసెప్షన్ ఎందుకు పెట్టకూడదని అడగడంలో అర్థం లేదు. హోటలయ్యే అవకాశం ఉన్నదల్లా ఈ రక్షణ వలయానికి బయట, ఒక కుటుంబం పేరునో ఒక సంస్థ పేరునో ఉండిపోయిన భవనాలకే. అంటే ఏ చట్టం గొడుగు కింద లేక ఎక్కువ ప్రమాదంలో ఉన్నవే హోటల్ కావడానికి ఎక్కువ అనువైనవి కూడా.

ఫలక్‌నుమా దారి

ఫలక్‌నుమా చరిత్రను కాస్త నిదానంగా చూడటం అవసరం, ఎందుకంటే అందరూ పోల్చేది దానితోనే. పాయిగా వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884 మార్చి 3న దానికి శంకుస్థాపన చేశారు. ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్‌కు బావ. 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రిగా కూడా పనిచేశారు. కొండ మీద 32 ఎకరాల్లో ఇటాలియన్ పాలరాతితో లేచిన ఆ భవనానికి దాదాపు 40 లక్షల రూపాయలు ఖర్చయిందని చెబుతారు. ఆ ఖర్చు రాజ్యంలో అగ్రశ్రేణి ప్రభువుకు కూడా మోయలేని భారమైంది. చివరికి 1890ల ఆఖరున భవనం నిజాం చేతికి వచ్చింది, వికారుల్ ఉమ్రాకు డబ్బు ముట్టింది. నిజాం ఇంటి అల్లుడి ముచ్చటను ఆ ఇంటి ఖజానా తీర్చినట్టుగా ఈ కథను మర్యాదగా చెప్పుకుంటారు గానీ, సారాంశంలో ఇది అప్పుల్లో పడిన యజమాని నుంచి అప్పు అవసరం లేని యజమానికి ఆస్తి మారడమే. ఆ మార్పే తరువాతి కాలంలో భవనాన్ని కాపాడింది.

1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఈ ఆరో నిజాం పేరు మీదనే. ఆయన ఫలక్‌నుమాను తన నివాసంగా కంటే అతిథి గృహంగా ఎక్కువ వాడారు. 1906లో హైదరాబాదు వచ్చిన వేల్స్ యువరాజు, అంటే తరువాత అయిదో జార్జి చక్రవర్తి అయిన ఆయన, బస చేసింది అక్కడే. 1911లో మహబూబ్ అలీ ఖాన్ కన్ను మూసింది కూడా అక్కడే. ఏడో నిజాం కింగ్ కోఠీని విడిచి వచ్చే మనిషి కాదు కనుక ఫలక్‌నుమా వైస్రాయిలకు, విదేశీ ప్రముఖులకు విడిదిగా మిగిలింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ బస చేసిన తరువాత ఆ తలుపులు చాలాకాలం పెద్దగా తెరుచుకోలేదు.

హోటల్ కాకముందే ఫలక్‌నుమా యాభై ఏళ్లకు పైగా ఎక్కువగా అతిథుల కోసమే నడిచింది. దాని గదుల అమరిక, దాని వంటశాల, నూట ఒక్కమంది ఒకేసారి కూర్చుని భోంచేసే ఆ పొడవాటి బల్ల, నాట్యశాల, గ్రంథాలయం, ఇవన్నీ వచ్చిపోయే పెద్దమనుషుల కోసం ఏర్పాటైనవే. తరువాత వచ్చిన హోటల్ వాళ్లు భవనానికి కొత్త స్వభావం ఇవ్వలేదు, ఉన్న స్వభావానికి రుసుము నిర్ణయించారు. రెండో సంగతి తాళం. దాదాపు అర్ధశతాబ్దం తాళం వేసి ఉన్న ఇల్లు పాడవుతుందన్నది నిజమే. కానీ అందులో మనుషులు కాపురం ఉండి, వాటాలు పంచుకుని, గోడలు లేపి, కిటికీలు మార్చే ప్రమాదం తప్పుతుంది. ఫలక్‌నుమాలో దుమ్ము పేరుకుంది గానీ బల్ల బల్లగానే ఉంది, షాండ్లియర్లు షాండ్లియర్లుగానే ఉన్నాయి.

ఏడో నిజాం మనవడు ముకర్రం జా ఆస్ట్రేలియాలోనూ ఆ పైన టర్కీలోనూ గడిపిన ఏళ్లలో హైదరాబాదు ఆస్తుల మీద వ్యాజ్యాలు పెరిగాయి. ఆయన మొదటి భార్య యువరాణి ఎస్రా తిరిగి వచ్చి చౌమహల్లా, ఫలక్‌నుమాల పునరుద్ధరణ బాధ్యత భుజాన వేసుకున్నారు. 2000లో మొదలైన ఫలక్‌నుమా పనులు పూర్తయ్యేసరికి పదేళ్లు పట్టింది. 2010 నవంబరులో తాజ్ సంస్థ దాన్ని 60 గదుల హోటల్‌గా తెరిచింది. 2017 నవంబరు 28న ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు వచ్చిన ముఖ్య అతిథులకు ప్రధాని విందు ఇచ్చింది ఆ నూట ఒక్క కుర్చీల బల్ల మీదనే. దేశంలో అంత పేరున్న హోటల్ సంస్థ, పదేళ్ల ఓపిక, ఒకే కుటుంబంతో తేల్చుకోగల యాజమాన్యం, విమానాశ్రయం నుంచి గంటలోపు ప్రయాణం, ఇన్ని కలిసి వస్తే గాని ఫలక్‌నుమా తెరుచుకోలేదు.

సంస్థానం అంటే రాజ్యం కాదు

ఇప్పుడు కృష్ణానది వైపు రావాలి. నిజాం రాజ్యంలో 14 సంస్థానాలు ఉండేవి. వాటిలో గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ రాజధానిగా ఉన్న జటప్రోలు, అమరచింత, గోపాల్‌పేట పాలమూరు నేలవే. వీరు నిజాంకు ఏటా పేష్కష్, అంటే కప్పం, చెల్లిస్తూ తమ పరిధిలో శిస్తు, న్యాయం, పోలీసు వ్యవహారాలు తామే చూసుకునేవారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డను ఏలిన గద్వాల వారి కోటను పెద సోమభూపాలుడు, అంటే జనం నోట్లో సోమనాద్రి, కట్టించాడు. కవిపండితులకు ఇచ్చిన ఆదరణ వల్ల ఆ ఊరికి విద్వద్గద్వాల అన్న పేరు నిలిచింది. వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో ఒక ఆశ్విక దళాన్ని నిలిపారు. ఆ దళం తరువాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాదులో ఏసీ గార్డ్స్, అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అన్న పేట పేరు వారిదే. ఆ పేట మీదుగా రోజూ వెళ్లేవారిలో వనపర్తి సంగతి తెలిసినవారు తక్కువ.

ఇంత వైభవం ఉన్నా, భారత ప్రభుత్వం దృష్టిలో వీరు రాజులు కారు. బ్రిటిష్ వారితో నేరుగా ఒప్పందం ఉన్న సంస్థానాధీశులకు మాత్రమే విలీనం తరువాత రాజభరణం దక్కింది. హైదరాబాదు విషయంలో ఆ హోదా నిజాం ఒక్కడిదే. ఆయనకు ఏటా 50 లక్షల రూపాయల భరణం, 1956 వరకు గవర్నరు వంటి రాజప్రముఖ్ పదవి లభించాయి. గద్వాల, వనపర్తి, జటప్రోలు ప్రభువులు నిజాం కింద సామంతులు కనుక, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చినప్పుడు వారికి మిగిలింది జాగీర్దారులందరితో పాటు వాయిదాల మీద వచ్చే పరిహారమే. 1924 నుంచి గద్వాలను ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలన అక్కడితో ముగిసింది. శిస్తు ఆదాయం ఆగిపోయింది. దాని మీద బతికిన కోట మాత్రం అలాగే నిలబడి ఉంది. గుర్రాలు, ఏనుగులు, కావలివాళ్లు, సున్నం వేసే కూలీలు, దీపాలు పెట్టేవాళ్లు, అందరికీ జీతాలు ఇచ్చిన వ్యవస్థ రాత్రికి రాత్రి కాకపోయినా రెండు మూడేళ్లలో లేకుండా పోయింది. ఆ తరువాత 1973 భూపరిమితి చట్టం మిగిలిన భూముల మీద కూడా గీత గీసింది.

అదే సమయంలో రాజస్థాన్ మహారాజులకు రాజభరణం రూపంలో రెండు దశాబ్దాల ఊపిరి దొరికింది. జైపూర్ వారు రాంబాగ్ భవనాన్ని 1957లోనే హోటల్ చేశారు. ఉదయపూర్ సరస్సు మధ్యలో ఉన్న భవనం 1960లలో ఆ దారి పట్టింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణతో భరణాలు రద్దయ్యేనాటికి, కోటను హోటల్ చేసి బతకవచ్చునన్న సంగతి అక్కడ రుజువైపోయింది. అయితే ఇదొక్కటే కారణమనుకుంటే లెక్క సరిపోదు. అక్కడి ఠాకూర్లకు, జాగీర్దారులకు కూడా భరణం రాలేదు, వారి కోటలు కూడా శిథిలమయ్యాయి. ఢిల్లీ జైపూర్ దారిలో ఉన్న నీమ్రాణా కోటను బయటివాళ్లు పాడుబడ్డ దశలో కొని, 1980లలో బాగుచేయడం మొదలుపెట్టి, 1991లో అతిథులకు తెరిచారు. అది నడవడానికి కారణం రాజవంశం కాదు. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ చుట్టే విదేశీ యాత్రికుల దారి, అమ్మకానికి చిక్కు లేని పట్టా, ఈ రెండే. పాలమూరుకు ఆ రోజుల్లో యాత్రికుల దారి లేదు. ఇక్కడి నుంచి బయటికి వెళ్లే దారి మాత్రం ఉండేది. ఆనకట్టలు కట్టడానికి, కాలువలు తవ్వడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల దారి అది.

పాఠాలు చెప్పిన దర్బారు

ఆ స్థితిలో వనపర్తి రాజభవనం 1959లో కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ అయింది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరున డిగ్రీ కళాశాల వెలసింది. నేటి చూపుతో దీన్ని వారసత్వ సంపదను కాపాడలేకపోవడంగా చూసేవారున్నారు. నాకు ఆ వాదన సమ్మతం కాదు. పల్లెలో అక్షరం రాక వలస వెళ్లే జిల్లాలో, రాజు కూర్చున్న చోట రైతు కొడుకు డ్రాఫ్టింగ్ బల్ల ముందు కూర్చోవడం ఆ భవనానికి జరిగిన చిన్న మర్యాద కాదు. మూడో రామేశ్వరరావు పలుమార్లు లోక్‌సభకు ఎన్నికై, విద్య, ప్రచురణ రంగాల్లో పేరు తెచ్చుకున్నారన్నది కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోవలసిన విషయం. భవనాన్ని చదువుకు ఇవ్వడం ఆ కుటుంబం నడిచిన తీరుకు తగినదే గాని గత్యంతరం లేక చేసినది మాత్రమే అనలేం.

కానీ దాని పర్యవసానాలు ఉన్నాయి. కళాశాల నడవాలంటే తరగతి గదులు కావాలి, ప్రయోగశాలలు కావాలి, ట్యూబులైట్లు, ఫ్యాన్లు, బ్లాక్‌బోర్డులు కావాలి. ప్రభుత్వ మరమ్మతు నిధులు ఏటా ఎంత వస్తే అంతే. గోడ ఉబ్బితే సిమెంటు పూత, కప్పు కారితే తారు పొర. ఒకసారి ప్రభుత్వ విద్యాసంస్థ స్థిరపడ్డాక ఆ స్థలాన్ని హోటల్‌కు ఇవ్వాలంటే ముందు సంస్థను తరలించాలి, దానికి వేరే భవనం కట్టాలి, ప్రభుత్వ ఆస్తిని ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చే ప్రక్రియ నడపాలి, ఊరివాళ్లను ఒప్పించాలి. తన కాలేజీని తీసి పర్యాటకులకు ఇస్తామంటే ఏ ఊరు ఊరుకుంటుంది?

గద్వాలలో ఇంకొక ముడి ఉంది. కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది, అది పూజలు జరిగే గుడి. గుడీ బడీ రెండూ ఉన్న ఆవరణలో మద్యం లైసెన్సుకు ఎక్సైజ్ నిబంధనలు అడ్డుపడతాయి. పెద్ద హోటల్ ఆదాయంలో బార్ వాటా ఎంత ముఖ్యమో ఆ వ్యాపారంలో ఉన్నవారికి తెలుసు. జనం నిత్యం స్వేచ్ఛగా వచ్చిపోయే దేవుడి గడపను, గేటు దగ్గర కావలివాడు పేరు అడిగే హోటల్‌గా మార్చడం చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోదు.

నల్లగొండ వైపు గడీల కథ వేరు. వాటిలో చాలావాటికి నిర్లక్ష్యం కంటే ముందు కోపం తగిలింది. ఆనాటి నల్లగొండ జిల్లాలో భాగమైన జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ కింద 60 గ్రామాలు, 40,000 ఎకరాలు ఉండేవని పోరాట చరిత్రలు చెబుతాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొరమనుషుల తూటాకు బలైన తరువాత గడీ అన్న మాటకు తెలంగాణ పల్లెలో ఒకే అర్థం మిగిలింది. వెట్టి, దండుగలు, గడీ ముందు చెప్పులు విడిచి నడవడం. 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో దొరలు పట్నాలకు పారిపోగా కొన్ని గడీలు జనం చేతుల్లో నేలమట్టమయ్యాయి, మరికొన్ని ఆనాటి నుంచి దిక్కులేక కూలిపోతున్నాయి. అటువంటి చోట రాజరికపు అనుభూతిని అమ్మే హోటల్ తెరవడం సులభమైన పని కాదు. తలపాగా చుట్టిన ద్వారపాలకుడు వంగి దండం పెట్టి లోపలికి ఆహ్వానించే పద్ధతిని అతిథి ముచ్చటగా చూడవచ్చు, కానీ ఆ ద్వారపాలకుడి తాత అదే గుమ్మంలో వెట్టి చేసి ఉంటే ఆ ముచ్చట వాడికి ఎలా ఉంటుంది? సంస్థానాల రాజులకు చెరువులు తవ్వించినవారు, కవులను పోషించినవారు అన్న మంచి పేరు కూడా కొంత మిగిలింది. దొరల గడీలకు ఆ పేరు కూడా లేదు. గడీని హోటల్ చేయదలచినవారు దాని నిజమైన చరిత్రను గోడ మీద రాసి పెట్టే ధైర్యం ఉంటేనే ఆ పనికి పూనుకోవాలి.

సున్నం, నీళ్లు, కరెంటు

ఒకవేళ పట్టా చిక్కులేదు, ఊరికి అభ్యంతరం లేదు, డబ్బు పెట్టేవారు దొరికారు అనుకుందాం. అప్పుడు భవనమే అడ్డు తిరుగుతుంది. పాత రాజభవనాల గోడలు రాయి, ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. గానుగలో రోజుల తరబడి తిప్పిన సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి కట్టిన గోడ తేమను పీలుస్తుంది, ఎండలో తిరిగి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆ తేమకు బయటికి దారి ఉండదు. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి పూత వెనుక సున్నం పొడిపొడిగా రాలి, వేలితో తడితే డొల్ల శబ్దం వస్తుంది. నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తున ఉప్పు పొంగినట్టు తెల్లటి మరకలు కనిపిస్తే రోగం అక్కడే ఉందని అర్థం. మరమ్మతు అంటే ముందు ఆ సిమెంటునంతా ఉలితో జాగ్రత్తగా తీయాలి, గోడను నెలల తరబడి ఆరనివ్వాలి, మళ్లీ సున్నమే పూయాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ. దొరికినా సిమెంటు మేస్త్రీలా రోజుకో గది ముగించలేరు.

అంతకంటే పెద్ద తలనొప్పి స్నానాలగది. రాజభవనంలో పడకగదికి ఆనుకుని స్నానాలగది ఉండేది కాదు. నీళ్లు మోసుకొచ్చేవారు, తీసుకుపోయేవారు. హోటల్ గదికి అది లేకుండా అద్దె రాదు. టేకు దూలాల మీద వాసాలు పరిచి, మట్టి, సున్నం పోసి వేసిన మిద్దె మీద రోజూ వందల లీటర్ల నీళ్లు పారే గది కట్టాలంటే ఆ బరువు ఎవరు మోస్తారు, కారిన నీరు ఎటు పోతుంది, దూలం చివర గోడలో దిగిన చోట నానితే ఏమవుతుంది అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు కావాలి. మురుగు గొట్టం కోసం రెండడుగుల మందం గోడను తొలిస్తే ఆ గోడ బలం పోతుంది. తొలవకుండా బయట వేలాడదీస్తే ముఖభాగం పోతుంది. ఏసీ పెట్టెలు, లిఫ్టు, అగ్నిమాపక నీటి గొట్టాలు, జనరేటర్ గది, ఒక్కొక్కటీ ఇటువంటి పంచాయితీనే. ఇరవై గదుల భవనంలో ఇవన్నీ అమర్చేసరికి ఒక్కో గదికయ్యే ఖర్చు కొత్త హోటల్ కంటే చాలా ఎక్కువవుతుంది. ఆ ఖర్చును గద్వాలలోనో కొల్లాపూర్‌లోనో ఒక రాత్రికి ఎంత అద్దె పెట్టి రాబట్టగలరు? చీర కొనడానికి వచ్చినవారు చీర కొనుక్కుని సాయంత్రానికి తిరుగు బస్సు ఎక్కుతారు. అలంపురం జోగులాంబ దర్శనానికి వచ్చినవారు కర్నూలు వెళ్లి బస చేస్తారు.

పందిరి వేస్తే సరిపోదా?

అందుకే చాలామంది గదుల ఊసెత్తకుండా నేరుగా వేదిక వైపు మొగ్గుతారు. పడకగదులు వద్దు, ఆవరణలో పందిరి వేసి పెళ్లిళ్లకు, రిసెప్షన్లకు, సినిమా షూటింగులకు ఇస్తే చాలు, పెట్టుబడి తక్కువ, రాబడి వెంటనే అన్నది ఈ ఆలోచన. వినడానికి బాగుంది. నిజానికి బస చేసే అతిథి కంటే విందుకు వచ్చే బంధుగణమే పాత కట్టడానికి ఎక్కువ హాని చేస్తుంది. హోటల్ గదిలో ఇద్దరుంటారు, చెప్పులు వదిలి తిరుగుతారు. పెళ్లికి వెయ్యిమంది ఒకే పూట వస్తారు. హోమం పొగ, దీపాల నూనెమసి చెక్కపని చేసిన కప్పుకు పడతాయి. పసుపు, అక్షింతలు తడి పాలరాతి మీద పడి మరకలవుతాయి. డెకరేషన్ వాళ్లు మేకు దిగే చోటల్లా మేకు దించుతారు. భోజనాల కోసం వెనుక వసారాలో గ్యాసు పొయ్యిలు వెలుగుతాయి, గిన్నెలు కడిగిన నీళ్లు పునాది వైపు పారుతాయి. ఆపైన బారాత్. డీజే పెట్టెల దరువుకు డొల్లబోయిన సున్నపు పూత పెళ్లలు పెళ్లలుగా ఊడిపడుతుంది. రాత్రి పది దాటాక ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు మోగరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నా, మన దగ్గర బారాత్ ఊపందుకునేదే పది తరువాత.

ఆదాయం లెక్క కూడా కనిపించినంత సులువు కాదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఆపైన గురుమూఢం, శుక్రమూఢం తీసేస్తే మంచి ముహూర్తాలున్న రోజులు ఏడాదిలో కొన్నే. ఆ కొన్ని రోజుల్లో అందరికీ అదే రోజు కావాలి, మిగతా నెలల్లో ఎవరికీ అక్కర్లేదు. కావలి, శుభ్రత, తోట, కరెంటు మాత్రం పన్నెండు నెలలూ నడవాలి. పైగా మహబూబ్‌నగర్, నల్లగొండ బైపాస్ రోడ్ల మీద వెలసిన ఏసీ ఫంక్షన్ హాళ్లు వెయ్యి బండ్లకు పార్కింగ్, వంటశాల, విడిది గదులు చూపించి మధ్యతరగతి పెళ్లిని లాక్కుంటాయి. పాత కోటకు మిగిలేది హైదరాబాదు నుంచి ప్రత్యేకంగా వచ్చే సంపన్నుల పెళ్లి ఒక్కటే. ఆ అతిథులకు మళ్లీ పడక గదులు కావాలి. చుట్టూ తిరిగి కథ స్నానాలగది దగ్గరికే వస్తుంది.

హోటల్, వేదిక ఒకదాన్నొకటి మోస్తేనే రెండూ నిలబడతాయి. ఫలక్‌నుమాలో అరవై గదులున్నాయి కనుకనే ఆ నాట్యశాలకు, ఆ భోజనశాలకు అంత గిరాకీ.

దక్షిణ తెలంగాణలో ఈ రెండూ కలిసే అవకాశం కొంతైనా ఉన్నది కొల్లాపూర్ వైపు అని నా అంచనా. జటప్రోలును ఏలిన సురభి వారి రాజధానిగా ఉన్న ఆ ఊరికి దగ్గరలోనే సోమశిల ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగిపోయే చోట్ల నుంచి తరలించి కట్టిన పాత ఆలయాలు, నల్లమల కొండల మధ్య వెనుకజలాలు, శ్రీశైలం దాకా లాంచీ ప్రయాణం, ఇవన్నీ ఒక మనిషిని ఒక్క పూటలో తిరిగిపోకుండా ఒక రాత్రి ఉంచగలిగిన కారణాలు. పెళ్లి లేని నెలల్లో గది నిండాలంటే ఇటువంటి కారణం ఉండాలి. ఉత్తర తెలంగాణలో దోమకొండ కోటను దాని వారసులు ఏళ్ల తరబడి సంప్రదాయ పద్ధతిలో బాగుచేయించి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాల్లో గుర్తింపు పొందారు. హోటల్ కాకముందే కట్టడాన్ని నిలబెట్టడం ఎలాగో దాన్ని చూసి నేర్చుకోవచ్చు. తొందరపడి ముందు పందిరి వేసి, వచ్చిన డబ్బుతో తరువాత గోడ బాగుచేద్దామనుకునే వరుస తలకిందులైనది. గోడ బాగయ్యాకనే పందిరి.

ప్రభుత్వమో కుటుంబమో రేపు ఎవరికైనా లీజు రాసిస్తే, సంతకానికి ముందు ఆ పత్రంలో చూడవలసినవి గది అద్దెలు కావు. మరమ్మతులో సిమెంటు వాడరాదన్న షరతు ఉందా, పని తనిఖీ చేసే పరిరక్షణ నిపుణుడికి జీతం ఎవరిస్తారు, ఒక కార్యక్రమానికి ఎంతమందిని మించి రానివ్వరు, డీజే పెట్టెలు భవనానికి ఎంత దూరంలో పెట్టాలి, రాబడిలో ఏటా ఎంత మరమ్మతుల ఖాతాలో వేయాలి, కోటలో గుడి ఉంటే దాని దారి ఎవరి ఆధీనంలో ఉంటుంది, ఊరి పిల్లలు వారంలో ఏ రోజు టికెట్టు లేకుండా లోపలికి రావచ్చు. లీజు గడువు ముగిశాక భవనాన్ని ఏ స్థితిలో తిరిగి అప్పగించాలో ఫొటోలతో సహా ఆ పత్రానికి జత చేయాలి.